చింతపండుతో తోమిన అమెరికా రాగి పైసా

మా నాన్న ఏ కాగితంలోనూ గడి ఖాళీగా వదిలే మనిషి కాదు. రేషను కార్డు దరఖాస్తయినా, నా ఇంటర్మీడియట్ పరీక్ష ఫారమైనా, రాయడానికేమీ లేని చోట చిన్న గీత గీసి పక్కన ‘వర్తించదు’ అని రాస్తేగాని పెన్నుకు మూత పెట్టేవాడు కాదు. ఉద్యోగమంతా ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా దస్త్రాలు నింపిన చెయ్యి అది. అలాంటి మనిషి ఒకే ఒక్క గడి ఖాళీగా వదిలేసి పోయాడని నాకు పోయిన వారం తెలిసింది. నాణేల సంఘం వాళ్ళు ప్రదర్శన పెడుతున్నారు. నాన్న దాచిన అమెరికా రాగి నాణెం ఇస్తే అద్దాల పెట్టెలో పెడతామని సంఘం కార్యదర్శి శ్రావణి ఎల్‌బీ నగర్‌లోని మా ఫ్లాటుకు వచ్చింది. బీరువా అడుగు నుంచి నాన్న బిస్కెట్ల డబ్బా తీశాను. లోపల ఆఫీసు కాగితాలు చింపి నాన్న స్వయంగా అంటించుకున్న చిన్న చిన్న కవర్లు, ఒక్కో కవర్లో ఒక్కో నాణెం. ప్రతి కవరు మీదా నాలుగు గడులు: దొరికిన చోటు, ఇచ్చినవారు, బరువు, స్థితి. అమెరికా పైసా కవరు మీద మొదటి మూడూ ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉన్నాయి. నాలుగోది ఖాళీ. గీత కూడా లేదు.

“ఇదేంది మేడం, స్థితి రాయలే? మాకు కార్డు మీద అదే ముఖ్యం,” అంది శ్రావణి. నేను పక్కగదిలోకి చూశాను. ఎనభై దాటిన మా అమ్మ మంచం మీద కూర్చుని, చూపు సరిగా ఆనని కళ్ళతో, అలవాటైన వేళ్ళతో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆ ఖాళీ ఎందుకో నాకు తెలుసు. ఖాళీ ఉందనే ఆవిడకు తెలియదు. శ్రావణి కాఫీ తాగి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాక ఇది రాయడానికి కూర్చున్నాను. గొప్పలు చెప్పుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోండి. చెప్పుకోదగ్గ గొప్ప ఇంట్లో ఉండి కూడా చెప్పుకోకపోతే అది పిసినారితనం.

అప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, పెరట్లో నాలుగు వాటాలవాళ్ళకూ కలిపి ఒక కుళాయి. నాన్నకు గోదావరి జిల్లా నుంచి బదిలీ అయి వచ్చాం. వచ్చిన కొత్తలో అమ్మకు ఇక్కడి మాట సగం అర్థమయ్యేది కాదు. ‘జర జరుగమ్మా’ అంటే ఏం చెయ్యాలో తెలియక కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడిపోయేదట. కానీ కుళాయి దగ్గర అందరికంటే ముందు తెల్లారేది ఆవిడకే. శుక్రవారం వస్తే మరీను. దేవుడి సామాను, మంచినీళ్ళ బిందె, మరచెంబులు, దీపపు కుందులు అన్నీ పెరట్లో పరిచి, గుప్పెడు చింతపండు నానేసి, ఉప్పూ బూడిదా కలిపి, కొబ్బరి పీచుతో తోమేది. ఆ పుల్లటి వాసన, తడి బూడిద వాసన, వేలికొనలకు అంటిన రాగి వాసన కలిసిపోయి నా నిద్రలోకి వచ్చేసేవి. ఇప్పటికీ చారు పెట్టడానికి చింతపండు పిసుకుతుంటే శుక్రవారం కాకపోయినా నాకు శుక్రవారంలాగే అనిపిస్తుంది.

అమ్మ పేరు రత్నం. కంచరి వాళ్ళ ఆడపడుచు. గోదావరి పక్క ఊళ్ళో ఆవిడ తండ్రి కొలిమి పెట్టుకుని గుడిగంటలూ చెంబులూ చేసేవాడు. తండ్రి పక్కన కూర్చుని ఏ చెంబు పోత పోసిందో, ఏది రేకు సాగగొట్టి చేసిందో, ఏ గంటకు లోపల బుడగ పడిందో పదేళ్ళ వయసుకే చెప్పేసేదట. బడిలో చదివింది ఐదో తరగతి. అందుకని తనకేమీ రాదని ఆవిడ గట్టి నమ్మకం. ‘నాకేం తెలుసు, అంట్లు తోముకునేదాన్ని’ అనేది ఎవరేమడిగినా. తోమడం విషయంలో మాత్రం ఎవరికీ లొంగేది కాదు. కంచరివాడి కూతురింట్లో రాగి నల్లబడిందంటే పుట్టింటి పరువు పోయినట్టే ఆవిడకి.

నాన్న పిచ్చి కూడా రాగే. కాకపోతే ఆయనకు నల్లబడిన రాగి కావాలి. వెండి నాణేలు కొనే స్తోమత లేక రాగి మీద పడ్డాడని నవ్వేవాళ్ళున్నారు, అందులో కొంత నిజమూ ఉంది. కానీ ఆయన చెప్పే కారణం వేరు. “బంగారం పెట్టెలో పడుకుంటుందే పాపా. రాగి అలా కాదు, కూరగాయలమ్మి కొంగుముడిలో తిరుగుతుంది, కల్లుపాకకీ వెళ్తుంది, గుడికీ వెళ్తుంది. ఎన్ని చేతులు తాకితే అంత నలుపు,” అనేవాడు. ఆ నలుపును వేలితో తడిమేవాడు కూడా కాదు, అంచులు పట్టుకునేవాడు. ఒకే ఇంట్లో ఒకరికి రాగి మెరవాలి, ఒకరికి మెరవకూడదు. ఏదో ఒక రోజు తకరారు తప్పదని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది, తట్టలేదు.

ఆ నాణేన్ని ఇంటికి చేర్చింది కొత్తపేట మల్లయ్య. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి రోడ్డు పక్కన పాత సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. పాత ఇళ్ళు కూలగొట్టిన చోట రాగీ ఇత్తడీ తూకానికి కొనేవాడు. బస్తాల్లో ఎప్పుడైనా నాణెం కనిపిస్తే నాన్న కోసం పక్కన పెట్టేవాడు. ఒక గురువారం సాయంత్రం ఆయనే నేరుగా మా గుమ్మం దాకా వచ్చాడు.

“సారూ, గిదేందో జర చూడున్రి. మన పైస గాదు. ఆడమనిషి బొమ్మున్నది, ఎంటికలు ఇరబోసుకొని. ఒక చెంబు అడుగున అతుక్కొని ఒచ్చింది.”

నాన్న నాణేన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. మన పాత రాగి అర్ధణా అంత పెద్దది, మందంగా, చాక్లెట్ రంగులో ఉంది. ఒకవైపు జుట్టు భుజాల మీద పడ్డ స్త్రీ ముఖం, ఆమె తల వెనక కర్రకు తగిలించిన టోపీ. రెండోవైపు ఆకుల దండ, మధ్యలో ‘వన్ సెంట్’. ఆ స్త్రీ ముఖం అడుగున అరిగిపోయిన అంకెలు భూతద్దంలో చూసి నేనే చదివాను: పదిహేడు వందల తొంభై నాలుగు. నాన్న మంచం మీద కూర్చుండిపోయాడు. అమెరికా వాళ్ళు సొంతంగా టంకశాల పెట్టుకున్న తొలినాళ్ళ రాగి అది. ఏ ఓడెక్కిందో, ఏ రేవులో దిగిందో, నల్లగొండ పల్లెలో చెంబు అడుగుకు ఎలా చేరిందో ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు. మల్లయ్యకు తూకం డబ్బులు కాకుండా నాన్న తన చేతి గడియారం తీసి ఇవ్వబోయాడు. “గదెందుకు సారూ, చాయ్ పోయించున్రి చాలు,” అన్నాడు మల్లయ్య.

అమ్మ మాత్రం వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి ముక్కు మీద వేలేసుకుంది. “జుట్టు విరబోసుకున్న ఆడదాన్ని తెచ్చేరేంటండీ ఇంట్లోకి, రేపు శుక్రవారం పెట్టుకుని! ఆ కర్ర మీద టోపీ ఏంటి, దిష్టిబొమ్మకి పెట్టినట్టు?” అంది. అప్పట్నించి మా ఇంట్లో ఆ నాణెం పేరు ‘జుట్టు విరబోసుకున్నావిడ’.

నాన్నకొక ఆనవాయితీ ఉండేది. కొత్తగా వచ్చిన నాణెం ఏదైనా ఒక రాత్రి దేవుడి దగ్గర రాగి పళ్ళెంలో ఉండాలి, మర్నాడు కవర్లోకి వెళ్ళాలి. పైసా అయినా సరే ముందు దేవుడికి చూపించాకే మనది అనుకోవాలి అనేవాడు. ఆ గురువారం కూడా అలాగే పెట్టి పడుకున్నాడు. శుక్రవారం ఇంకా వెలుగు రాకముందే అమ్మ దేవుడి సామానంతా పెరట్లోకి తీసుకెళ్ళింది. పళ్ళెంలో జుట్టు విరబోసుకున్నావిడ కనిపించింది. పాపం, ఎంత నల్లగా ఉందో అనుకుందట అమ్మ. అంతమంది దేవుళ్ళ మధ్య మురికి మొహంతో కూర్చోబెడతారా ఈ మనిషి అని జాలిపడిందట. మిగతా సామానుకు బూడిద వేసి గట్టిగా రుద్దిన చెయ్యే, ఈ నాణేనికి మాత్రం మెత్తటి పీచు వెతికి, చింతపండు గుజ్జు రాసి కాసేపు నాననిచ్చి, జుట్టు పాయల్లోనూ ఆకుల సందుల్లోనూ వేలిగోరుతో తీసి, మూడు నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచింది. నిద్ర లేచిన నాన్న చేతిలో పెట్టి, “చూడండి, ఇప్పుడు మనిషిలా ఉంది,” అంది.

అప్పుడే పొయ్యిలోంచి తీసిన రాగిరేకులా, లేత గులాబీ రంగులో తళతళలాడుతోంది నాణెం. రెండొందల ఏళ్ళ నలుపు కుళాయి కాలవలో కొట్టుకుపోయింది. నాణేలవాళ్ళకు ఇంతకు మించిన అఘాయిత్యం లేదని నాకు అప్పటికే తెలుసు. నాన్న ముఖం చూడ్డానికి భయమేసింది. ఆయన నాణేన్ని అరచేతిలో పెట్టుకుని అలా చాలాసేపు చూశాడు. తర్వాత, “బాగుందే. మెరిసిపోతోంది,” అన్నాడు. అమ్మ సంతోషంగా మిగతా చెంబులు లోపలికి తెచ్చుకుంది. నాన్న ఆ పూట ఇడ్లీ సగం వదిలేశాడు.

ఆ వచ్చే ఆదివారమే సంఘం సమావేశం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద నెలకోసారి జరిగేది. ఆదివారం క్లాసులుండవు కాబట్టి రెక్సిను ముసుగులేసిన టైపు మిషన్ల మధ్య నలభై మంది మగవాళ్ళు కూర్చుని నాణేలు చూసుకునేవాళ్ళు. ఇంగ్లీషు పుస్తకాలు చదివి పెట్టడానికి నాన్న నన్ను తీసుకెళ్ళేవాడు. నాకప్పుడు పదిహేడేళ్ళు. అమెరికా రాగి తెస్తున్నానని నాన్న శుక్రవారానికి ముందే, ఆ గురువారం రాత్రే, ఎదురింటి ఫోను నుంచి సంఘంలో పెద్దవాడికి చెప్పేశాడు. ఆయన రిటైరయిన ఇంజినీరు, అందరూ పెద్దసారు అనేవాళ్ళు. ఆయన ఖరారు చేస్తే నిజం, లేకపోతే నకిలీ. తప్పించుకునే దారి లేక నాన్న నాణెం జేబులో వేసుకుని వెళ్ళాడు.

పెద్దసారు నాణేన్ని రెండువైపులా తిప్పి, భూతద్దం కూడా తియ్యకుండానే బల్ల మీద పెట్టేశారు. “గిది అచ్చు కొట్టింది గాదు, పోత పోసింది సారూ. రెండొందల ఏండ్ల రాగి గిట్ల మెరుస్తదా? నిన్న పోసి ఇయ్యాల తెచ్చినట్టున్నది. మిమ్ముల ఎవరో మోసం జేసిన్రు,” అన్నారు. హాలంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో, “అమెరికా అని రాసుంటే అమెరికాదే అయితదా?” అన్నారు. ఇంకా పెద్దగా నవ్వారు. పన్నెండేళ్ళుగా ఏ నాణెం గురించీ తప్పు చెప్పని మనిషి, మిగతావాళ్ళు అనుమానం వస్తే అడిగే మనిషి, చెవులు ఎర్రబడి నిలబడ్డాడు. మా ఆవిడ తెలియక తోమేసిందండీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేను అనబోయాను. నాన్న నా చెయ్యి నొక్కాడు. నాణేన్ని రుమాల్లో చుట్టుకుని మెట్లు దిగాడు.

రోడ్డు మీదకొచ్చాక నాకు కోపం ఆగలేదు. “నోరు లేదా నాన్నా నీకు?” అన్నాను.

“ఉందే. నలభైమంది మగాళ్ళలో కూర్చుని, మా ఆవిడ పాడుచేసిందండీ అని చెప్పమంటావా? అది ఎంత ఇష్టంగా తోమిందో నువ్వు చూశావు కదా,” అన్నాడు. కాసేపు నడిచాక, “అమ్మతో అనకు,” అన్నాడు. సరే అన్నాను.

తర్వాత నెల ఆదివారం నాన్న సమావేశానికి వెళ్ళలేదు. తలనొప్పి అన్నాడు. ఆపై నెల ఆఫీసు పని అన్నాడు. డబ్బా తెరవడం మానేశాడు. మల్లయ్య కొట్టు మీదుగా రాకుండా వెనక సందులోంచి ఇంటికొచ్చేవాడు. ఆదివారాలు గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ ఏమైందని అడిగితే ఎండ అనేవాడు, వయసు అనేవాడు. ఆవిడ మిరియాల కషాయం కాచేది, దిష్టి తీసేది, చివరికి కర్మన్‌ఘాట్ ఆంజనేయుడికి ఐదు మంగళవారాలు మొక్కుకుంది. మూడో మంగళవారం నేను తోడు వెళ్ళాను. ప్రదక్షిణాలు చేసి, కొబ్బరిచిప్ప సంచిలో వేసుకుని వస్తూ, “నీకేమైనా తెలుసా పాపా?” అంది. చేతిలో ప్రసాదం ఉంది. ప్రసాదం పట్టుకుని అబద్ధం ఎలా చెప్పను? మొత్తం చెప్పేశాను.

అమ్మ రోడ్డు పక్కకి జరిగి నిలబడింది. “నేను తోమడం వల్లా?”

“మెరుపు చూసి నకిలీ అన్నారమ్మా.”

“మరి ఆయనేమన్నారు?”

“ఏమీ అనలేదు.”

“నా పేరు చెప్పలేదూ?”

“చెప్పలేదు.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇల్లు చేరగానే చెప్పులు విప్పి నేరుగా వెళ్ళి డబ్బా తీసి, రుమాల్లోని నాణేన్ని చూపుడువేలి కొన మీద నిలబెట్టి, ఒక పాత పైసాతో అంచు మీద తట్టింది. సన్నగా, పొడుగ్గా మోగింది. ఇంకోసారి తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. వెలుగులో అంచు చుట్టూ తిప్పి చూసింది. “దీన్ని పోతంటారా? నా మొహం! పోతయితే రాయిలా చప్పమంటుంది. వచ్చే ఆదివారం సమావేశానికి నేనూ వస్తాను,” అంది.

నాన్న ససేమిరా అన్నాడు. ఆడవాళ్ళెవరూ రారన్నాడు, మెట్లెక్కలేవన్నాడు, నాకే వెళ్ళాలని లేదన్నాడు. ఆదివారం పొద్దున్న అమ్మ పెళ్ళిళ్ళకు కట్టే గంధం రంగు పట్టుచీర కట్టుకుని, నుదుట కాసంత బొట్టు పెట్టుకుని, గుమ్మంలో నిలబడి చెప్పులేసుకుంది. “మీరు రాకపోతే పాపని తీసుకుని నేనే వెళ్తాను. దారి నాకు తెలుసు,” అంది. నాన్న చొక్కా వేసుకున్నాడు.

మేం మేడ మీదకు వెళ్ళాం. ఒకాయన మర్యాదకు కుర్చీ జరిపాడు. అమ్మ కూర్చోలేదు. పట్టుచీర కొంగు నిండుగా కప్పుకుని పెద్దసారు బల్ల ముందు నిలబడింది. “అయ్యా, నేను చదువుకున్నదాన్ని కాదు. కంచరివాళ్ళ పిల్లని. ఇది పోత నాణెం అన్నారట మీరు. పోత నేను పుట్టినప్పట్నించి చూస్తున్నాను. ఇది పోత కాదండి,” అంది.

ఎవరో దగ్గారు. పెద్దసారు చేత్తో ఆపి, “చెప్పమ్మా, ఎట్ల కాదో చెప్పు,” అన్నారు. ఆ మాట ఆయన ఎకసక్కెంగా అనలేదు, నిజంగానే అడిగారు. ఆ ఒక్క సంగతికి ఆయన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను.

అమ్మ నాణెం మోగించింది. ముసుగులేసిన మిషన్ల మధ్య ఆ మోత గది చివరిదాకా వెళ్ళింది. తర్వాత అంచు చూపించింది. పోత పోస్తే రెండు అచ్చులు కలిసిన చోట గీత పడుతుంది, దాన్ని ఆకురాయితో అరగదీయాలి, ఆ గాట్లు దాచడం ఎవడివల్లా కాదు, ఇక్కడ గాటు లేకపోగా అంచు మీద అక్షరాలున్నాయి అంది. నేను భూతద్దంతో ఆ అక్షరాలు చదివి వినిపించాను. ‘వన్ హండ్రెడ్ ఫర్ ఎ డాలర్.’ చివరగా అమ్మ అంది: “అసలుదాన్ని మట్టిలో అద్ది పోత పోస్తే, చల్లారాక కుదించుకుపోతుందండి. గంట పోసేటప్పుడు మా నాన్నగారు మైనం నమూనా ఒక పిసరు పెద్దదే చేసేవారు. మీ పుస్తకంలో అసలుదాని కొలత ఉంటుంది కదా. కొలవండి. పోతయితే తగ్గుతుంది.”

పెద్దసారు ఇంజినీరు. ఆ మాట తనకు తట్టనందుకు ఆయన ముఖంలో సిగ్గు స్పష్టంగా కనిపించింది. సంచిలోంచి కొలత పనిముట్టు తీశారు, లావుపాటి అమెరికా పుస్తకం తెరిచారు. రెండుసార్లు కొలిచారు. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. అప్పుడు భూతద్దం పెట్టి ఆకుల దండనూ, జుట్టు పాయలనూ బొమ్మలతో పోల్చడం మొదలుపెట్టారు. ఆ ఏడాది ఆ సెంటును చాలా జతల అచ్చులతో కొట్టారట, ఏ ఆకు కొన ఏ అక్షరం కిందికి వచ్చిందో చూసి ఏ జతో చెప్పాలట. అమ్మ ముగ్గు చుక్కలు లెక్కపెట్టే కళ్ళతో పుస్తకం మీదకు వంగి, ఇంగ్లీషు అక్షరమైనా రాకుండా, “ఇది కాదు, ఇక్కడ కాయ ఒకటి తక్కువుంది. ఇదీ కాదు. ఇదిగో, ఇది,” అని వేలు పెట్టింది. పెద్దసారు చూసి చూసి తలూపారు. మహా అరుదైన జతేమీ కాదు. కానీ నిజమైనది.

“మరి ఈ మెరుపేంది తల్లీ?” అన్నారు ఆయన.

నాన్న ముందుకొచ్చి, “రత్నం, చాల్లే, పద,” అన్నాడు.

అమ్మ ఆయన వైపు చూడలేదు. “నేను తోమానండి. చింతపండు పెట్టి. దేవుడి సామానుతో కలిపి. తోమకూడదని నాకు తెలీదు, తెలిసిన ఆయన నాకు చెప్పలేదు. ఆయన తప్పు నాణెం తేలేదు. తప్పు నాది. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి,” అంది.

ఎవరూ నవ్వలేదు. పెద్దసారు కుర్చీలోంచి లేచి నాన్న దగ్గరికి వెళ్ళారు. “ఆ దినమే ఈ మాట అంటే అయిపోవు గద సారూ? నేను గంత మాట అననిస్తిరి.”

“ఇంట్లో మాట ఇక్కడెందుకులెండి,” అన్నాడు నాన్న.

ఆ రోజు ఇంటికి మేం సందులోంచి రాలేదు. మల్లయ్య కొట్టు ముందునుంచే వచ్చాం. నాన్న ఆగి చాయ్ చెప్పాడు. మల్లయ్య మడత కుర్చీ తుడిచి అమ్మకు వేశాడు. పట్టుచీరతో పాత సామాన్ల కొట్టు ముందు, పగిలిన బిందెల మధ్య, సాసర్లో చాయ్ పోసుకుని తాగిన మా అమ్మను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది. ఏ సన్మానంలోనూ ఆవిడంత దర్జాగా కూర్చున్నవాళ్ళను నేను చూడలేదు.

ఆ తర్వాత సంఘంలో ఎవరికి ఏ రాగి మీద అనుమానం వచ్చినా ఆదివారం మా వాటాకే వచ్చేవాళ్ళు. ‘రత్నమ్మగారి చెవిన వేద్దాం’ అనడం వాళ్ళకు అలవాటైంది. అమ్మ వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని, తిరగమోత ఆపి, నాణెం మోగించి, ‘మంచిదే’ అనో ‘కాదు బాబూ’ అనో చెప్పి మళ్ళీ మూకుడు దగ్గరికి వెళ్ళేది. నాకేం తెలుసు అనడం మాత్రం మానలేదు. శుక్రవారం తోముడూ మానలేదు. కాకపోతే పళ్ళెం ఎత్తే ముందు, “ఏవండీ, ఇందులో మీవాళ్ళెవరైనా ఉన్నారా?” అని కేక వేసేది.

ఆ టైపు ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు లేదు. ఆ మేడ మీద ఉద్యోగ పరీక్షల కోచింగ్ బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి, కిటికీ ఎత్తులో మెట్రో వెళుతుంది. మల్లయ్య కొట్టున్న చోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. సంఘానికి ఒక ఆడపిల్ల కార్యదర్శి అయింది, అది చూసి నాకెంత ముచ్చటేసిందో చెప్పలేను. ఒకటి మాత్రం బాధ. ఇప్పుడు విలువైన నాణేన్ని ప్లాస్టిక్ బిళ్ళలో బిగించి సీలు వేసి, స్థితిని బట్టి పైన అంకె వేసి ఇస్తున్నారు. పాడవదు, నిజమే. మోగదు కూడా. మా అమ్మ చెవికి ఇప్పుడు పని చెప్పేవాళ్ళు లేరు.

నిన్న శ్రావణి మళ్ళీ వచ్చింది. నాణేన్ని చూసి, “మంచిగ బ్రౌన్ తిరిగింది మేడం, ఇన్నేండ్లల్ల. అక్కడక్కడ గులాబీ కనిపిస్తది గంతే. మందు రాసి రంగు సరిచేసేటోళ్ళు ఉన్నరు. ఎవ్వరికీ తెల్వదు,” అంది. అమ్మ పక్కగదిలోంచి విని, గోడ పట్టుకుని నడిచి వచ్చింది.

“ఏం రాయాలంటోంది పాపా?”

“నాణెం ఎలా ఉందో రాయాలటమ్మా. నాన్న ఆ గడి రాయలేదు.”

“రాయలేదా?” ఆవిడ కవరు చేతిలోకి తీసుకుని, కనిపించని కళ్ళ దగ్గర పెట్టుకుని, వేలితో తడిమింది. “అంతమందిలో నేను చెప్పేసినా కూడానా? నేను రాయమని చెప్పానే అప్పుడే. తర్వాత రాస్తాలే అన్నారు.” ఖాళీ చెయ్యి నా ముందుకు చాపింది. “పెన్నియ్యి,” అంది.

“అమ్మమ్మా, తోమినదని రాస్తే విలువ సగం గూడ ఉండదు,” అంది శ్రావణి.

“పోతే పోనీ తల్లీ. అమ్ముకుంటామా ఏంటి?”

గడి ఎక్కడుందో నేను ఆవిడ వేలు పట్టుకుని చూపించాను. ఐదో తరగతి అక్షరాలు, ఒక్కోటి ఒక్కో సైజులో, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ వచ్చాయి. ‘చింతపండుతో తోమినది. తోమినది నేను. రత్నం.’ నాన్న గీసిన గడి సరిపోలేదు. పేరు పక్కన బరువు గడిలోకి వెళ్ళి, ఆయన రాసిన అంకెల మీద పడింది.

“గీత దాటిందా?” అంది అమ్మ.

“దాటిందమ్మా. నాన్న రాతలో కలిసింది.”

“ఉండనీలే,” అని, నాణేన్ని వేలి కొన మీద నిలబెట్టి నాకు చెవి దగ్గర మోగించి వినిపించింది.